కాషాయం కట్టిన రోమాపురి సన్న్యాసులు మధ్యలో ఏమైపోయారు?

పల్నాడు_పిల్ల
మా ఊరి గుడి జూబిలీకి సంచిక వేశారు. మంచి కాగితం, రంగుల ఫొటోలు, అందరూ కష్టపడ్డారు, కాదనను. కానీ చరిత్ర పేజీ తెరిస్తే మిల్‌హిల్ ఫాదర్లతో మొదలవుతుంది. 1875 తర్వాత వాళ్ళు ఇంగ్లండు నుంచి వచ్చారు, గుడి కట్టారు, బడి పెట్టారు, అంతే. అంతకు ముందు మేము లేనట్టే! మా నాయనమ్మ చెప్పింది ఇది కాదు. వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ ఎన్నిసార్లు చెప్పిందో: "మనకి జ్ఞానస్నానం ఇచ్చింది కాషాయం కట్టిన రోమాపురి సన్న్యాసులు. మనం అనంతపురం సీమ నుంచి బండ్లు కట్టుకొని వచ్చినోళ్ళం." ఆవిడ పెట్టెలో ఇత్తడి సిలువ ఒకటుంది, చిటికెన వేలంత. ముద్దులు పెట్టీ పెట్టీ క్రీస్తు ముఖం చదునైపోయింది. వెనకాల ఐహెచ్‌ఎస్ అని మూడు అక్షరాలున్నాయి.
నా ప్రశ్న ఒక్కటే. ఆ సన్న్యాసులు ఎవరు, మిల్‌హిల్ వాళ్ళు వచ్చేలోపు ఎక్కడికి పోయారు? మా సంచిక కమిటీలో పెద్దాయన్ని అడిగితే "అవన్నీ ముసలమ్మల కథలమ్మా" అన్నారు. చాలా బాధేసింది.

గోదారి_గట్టు
కాషాయం కట్టిన ఫాదర్లా? తెల్ల అంగీ కదా వేసుకునేది.

చరిత్ర_చెట్టు
ముసలమ్మల కథ కాదు పల్నాడు_పిల్ల గారూ. మీ నాయనమ్మగారు చెప్పింది నిజం, జాగ్రత్తగా రాసిపెట్టుకోండి.
వాళ్ళు జెస్యూట్లు, మన పెద్దల మాటల్లో యేసుసభ గురువులు. 1690ల్లో పుదుచ్చేరి చేరిన ఫ్రెంచి జెస్యూట్లు 1700 దాటగానే లోపలికి, అంటే తెలుగు మాట్లాడే సీమలోకి వచ్చారు. దాని పేరు కర్ణాటక మిషన్. పేరు చూసి ఇప్పటి కర్ణాటక రాష్ట్రం అనుకోకండి, అప్పట్లో మన వైపు చాలా భాగాన్ని కర్ణాటకం అనే పిలిచేవాళ్ళు. పుంగనూరు, చిన్నబళ్ళాపురం (ఇప్పటి చిక్కబళ్ళాపుర), అనంతపురం వైపు కృష్ణాపురం, మద్దిగుబ్బ, ఇవీ వాళ్ళ మకాములు. లె గాక్ అనే ఫాదర్ హయాంలో మద్దిగుబ్బ వైపు కొన్ని రెడ్ల కుటుంబాలు జ్ఞానస్నానం తీసుకున్నాయి. అదే శతాబ్దంలో వాళ్ళలో చాలామంది గుంటూరు సీమకి వలస వచ్చారు. మీ ముట్లూరు, రెంటచింతల వైపు పాత కతోలిక రెడ్ల ఇళ్ళలో ఈ కథ ఇప్పటికీ వినిపిస్తుంది.
కాషాయం సంగతి, గోదారి_గట్టు: వాళ్ళు సన్న్యాసుల్లాగే బతికారు. కావి బట్ట, మాంసం లేదు, పాదుకలు. ఇది మదురైలో రాబర్ట్ డి నోబిలి అనే జెస్యూట్ 1606 తర్వాత మొదలుపెట్టిన పద్ధతి.

దిండిగల్_తెలుగు
నోబిలి అనగానే మా వాళ్ళందరికీ చెవులు నిక్కబొడుచుకుంటాయి. మదురై నాయకరాజులు తెలుగువాళ్ళు. నోబిలి తమిళం, సంస్కృతంతో పాటు తెలుగు కూడా నేర్చుకున్నాడు. ఆయనకి సంస్కృతం చెప్పిన గురువు శివధర్ముడు, తెలుగు బ్రాహ్మణుడు. ఈ ముక్క మన వైపు ఎవరికీ తెలియదు, తమిళ పుస్తకాల్లో మాత్రం మామూలుగా ఉంటుంది.

మేరిమ్మ_మనవడు
సన్న్యాసి వేషం గురించి మురిసిపోయే ముందు ఒక మాట. ఆ వేషం ఎవరి కోసం? పైకులాల వాళ్ళు దగ్గరికి రానివ్వాలని. మా వాళ్ళ దగ్గరికి వస్తే తమ మర్యాద పోతుందని వేరే గురువుల్ని పెట్టారు. అది కూడా చరిత్రే.

పల్నాడు_పిల్ల
చరిత్ర_చెట్టు గారూ, చదువుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. మద్దిగుబ్బ అనే మాట నాయనమ్మ నోట విన్నాను, నేను ముదిగుబ్బ అనుకున్నాను ఇన్నాళ్ళూ. మేరిమ్మ_మనవడు గారూ, మీరు చెప్పేది వినాలని ఉంది, కొంచెం వివరంగా రాయండి. కానీ నా అసలు ప్రశ్న అలాగే ఉంది, వాళ్ళు ఎక్కడికి పోయారు?

లయోలా_83బ్యాచ్
రద్దు చేశారు. పోపుగారే రద్దు చేశారు. 1773.

గోదారి_గట్టు
పోపు తన ఫాదర్లని తనే రద్దు చేయడమేంటి?

లయోలా_83బ్యాచ్
నేను విజయవాడ ఆంధ్ర లయోలాలో చదివాను. మా హాస్టల్లో ఒక ముసలి ఫాదర్ ఉండేవారు, రాత్రి కరెంటు పోతే వరండాలో కూర్చోబెట్టి ఈ కథలు చెప్పేవారు. ఆయన చెప్పిన తీరులోనే చెప్తాను.
ఇగ్నేషియస్ లయోలా అని స్పెయిన్ సిపాయి, యుద్ధంలో కాలికి ఫిరంగి గుండు తగిలి మంచాన పడ్డాడు, లేచాక మారిపోయాడు. పారిస్‌లో చదువుకుంటూ 1534లో స్నేహితులతో కలిసి మొక్కుబడి చేశాడు, 1540లో పోపు మూడో పౌల్ సభకి ఆమోదం ఇచ్చాడు. ఆ స్నేహితుల్లో ఒకడు ఫ్రాన్సిస్ జేవియర్. ఆమోదం వచ్చిన రెండేళ్ళకే, 1542 మే 6న గోవాలో దిగాడు. అంటే సభ పుట్టగానే ఇండియాకి వచ్చినట్టే. తర్వాత రెండు వందల ఏళ్ళలో బడులు, కాలేజీలు, రాజుల దగ్గర పరపతి, అన్నీ పెరిగాయి. పరపతి పెరిగితే శత్రువులూ పెరుగుతారు. పోర్చుగల్ మంత్రి పొంబాల్ 1759లో వాళ్ళని రాజ్యం నుంచి వెళ్ళగొట్టాడు. గోవాలో ఉన్నవాళ్ళని పట్టుకొని ఓడల్లో లిస్బన్ పంపారు, కొంతమందిని అక్కడి సావో జులియావో కోట కొట్లలో పెట్టారు, 1777లో రాజు చనిపోయాక గానీ వదల్లేదు. 1764లో ఫ్రాన్స్, 1767లో స్పెయిన్. చివరికి రాజుల ఒత్తిడి తట్టుకోలేక పోపు పద్నాలుగో క్లెమెంట్ 1773 జులై 21న సభ మొత్తాన్నే రద్దు చేశాడు.
ఇక్కడిదాకా వచ్చేసరికి ఆ ఫాదర్ గొంతు ఆగిపోయేది. రెండు వందల ఏళ్ళ కిందటి సంగతి, నిన్న తన ఇంట్లో జరిగినట్టు చెప్పేవారు.

చరిత్ర_చెట్టు
లయోలా_83బ్యాచ్ చెప్పింది సరిగ్గా ఉంది. దాన్నే మన ఊళ్ళ దగ్గరికి తెస్తే ఏమైందో చూడండి. 1773 తర్వాత పుదుచ్చేరి, దాని కింది తెలుగు మకాములు పారిస్ విదేశీ మిషన్ అనే వేరే ఫ్రెంచి గురువుల సంఘం చేతికి వెళ్ళాయి. జెస్యూట్లుగా పేరు పోయినా ముసలి ఫాదర్లు కొందరు మామూలు గురువులుగా అక్కడే ఉండిపోయి పని చేశారు. కొత్త జెస్యూట్లు రాలేదు, రావడానికి సభే లేదు. పైగా అవి హైదర్ అలీ యుద్ధాలు, మరాఠా దండ్లు, కరువుల రోజులు. ఉన్న నలుగురు గురువులు ఇన్ని వందల మైళ్ళు ఎలా తిరుగుతారు? అందుకే మీ ఊళ్ళ వాళ్ళకి ఏళ్ళ తరబడి పూజ లేదు, పాపసంకీర్తనం లేదు, ఏడాదికి ఒకసారి ఎవరైనా గురువు వస్తే అదే పండగ. ఉపదేశులూ, ఇంట్లో ఆడవాళ్ళూ జపాలు నేర్పించుకుంటూ నిలబెట్టారు. సంచికలో ఖాళీగా వదిలేసిన కాలం అదే. గురువులు లేరు కాబట్టి రాసేవాళ్ళు లేరు, రాసేవాళ్ళు లేరు కాబట్టి సంచికలో లేదు.

పల్నాడు_పిల్ల
"ఇంట్లో ఆడవాళ్ళు నిలబెట్టారు" అన్నారే, ఈ వాక్యం ప్రింటు తీసి కమిటీ పెద్దాయనకి ఇస్తాను.

అనంత_మట్టి
నాది ధర్మవరం వైపు. ఇక్కడ పాత కతోలికులు మిగిలింది తక్కువ. మా తాత అనేవాడు, "ఆ పక్క రెడ్లు గుంటూరోళ్ళయి పోయిరి, మనం ఈడ్నే ఉండిపోతిమి" అని. వలస పోవడానికి కరువు ఒక కారణం, మతం మారారని కులపోళ్ళు, పాలెగాళ్ళు పెట్టిన బాధలు ఇంకో కారణం అని చెప్పేవాడు.

డల్లాస్_దేవదానం
జెస్యూట్లు అంటే గోవా ఇంక్విజిషన్, అదే మతం తప్పారని జనాన్ని విచారించి శిక్షించిన కోర్టు, నడిపినవాళ్ళు కదా? దాని గురించి ఎవరూ మాట్లాడరేం? వాళ్ళ గురించి ఇంత గొప్పగా రాసుకుంటూ ఆ రక్తం మాట ఎత్తకపోతే ఎలా?

లయోలా_83బ్యాచ్
నడిపింది వాళ్ళు కాదు సార్. ఇంక్విజిషన్ వేరే కోర్టు.

డల్లాస్_దేవదానం
జేవియరే రాజుకి ఉత్తరం రాసి అడిగాడని చదివాను.

చరిత్ర_చెట్టు
ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. జేవియర్ 1546లో పోర్చుగల్ రాజుకి రాసిన ఉత్తరంలో ఇంక్విజిషన్ కావాలని అడిగిన మాట వాస్తవం, దాన్ని దాచాల్సిన పని లేదు. అది గోవాకి వచ్చింది 1560లో, ఆయన చనిపోయిన ఎనిమిదేళ్ళకి. 1812 దాకా, మధ్యలో కొద్దికాలం తప్ప, సాగింది. దాని అధికారం రాజు నియమించిన విచారణాధికారులది, జెస్యూట్ల సభది కాదు. జెస్యూట్లని 1759లోనే గోవా నుంచి ఊడ్చేశారు, ఆ తర్వాత కూడా ఆ కోర్టు నడిచింది. కానీ గోవాలో గుళ్ళు కూలగొట్టిన కాలంలో వాళ్ళూ అక్కడే ఉన్నారు, అందులో వాళ్ళ పాత్రా ఉంది. గోవా కథ, మన కృష్ణాపురం కథ ఒకటి కాదు. అక్కడ వెనకాల పోర్చుగీసు సైన్యం ఉంది. ఇక్కడ పాలెగాడు పొమ్మంటే మూట సర్దుకొని పోవడమే.

డల్లాస్_దేవదానం
సరే, ఒప్పుకుంటాను. సైన్యం ఉన్నచోట, లేనిచోట తేడా నేను ఆలోచించలేదు.

వెంకటగిరి_వెంకి
మీరంతా 1700 నుంచి మొదలుపెట్టారు. అంతకు వందేళ్ళ ముందే చంద్రగిరికి వచ్చారండీ! విజయనగరం రాజు వెంకటపతిరాయలు 1598లో జెస్యూట్లని తన కొలువుకి రానిచ్చాడు. వాళ్ళలో బొమ్మలు వేసేవాళ్ళు కూడా ఉన్నారు, రాజుగారికి ఆ బొమ్మలంటే ఇష్టం.
మాకు అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటి. వెంకటపతి 1614లో చనిపోయాక జగ్గరాయడు తిరగబడి, కొత్త రాజు శ్రీరంగరాయల్ని కుటుంబంతో సహా చంపించాడు. చిన్న కొడుకు రాముణ్ణి మాత్రం ఒక చాకలాయన బట్టల మూటలో పెట్టుకొని కాపలా దాటించాడు. మూట భుజాన వేసుకొని, లోపల ఊపిరి బిగబట్టిన పిల్లవాడితో కోట వాకిలి దాటడం ఒక్కసారి ఊహించుకోండి. ఆ పిల్లవాడి తరఫున కత్తి పట్టింది వెలుగోటి యాచమనాయుడు, మా వెంకటగిరి రాజుల పూర్వీకుడు. ఇదంతా మనకి ఇంత వివరంగా ఎలా తెలుసు? బర్రాదాస్ అనే జెస్యూట్ 1616లో రాసిన ఉత్తరం వల్ల.

గోదారి_గట్టు
ఆ చాకలాయన పేరు రాశారా?

వెంకటగిరి_వెంకి
లేదన్నా. అదే నా బాధ. రాజుల పేర్లన్నీ ఉన్నాయి, ప్రాణానికి తెగించినవాడి పేరు లేదు.

మేరిమ్మ_మనవడు
ఎప్పుడూ అంతే కదా.

చరిత్ర_చెట్టు
వెంకి మాటకి ఒక కొస. 1927లో వెంకటపతిరాయల ఆరవీటి వంశం మీద పెద్ద పుస్తకం రాసిన హెన్రీ హేరస్ కూడా జెస్యూటే, బొంబాయి సెయింట్ జేవియర్స్ కాలేజీలో పని చేసిన స్పెయిన్ ఫాదర్. ఆ పాత ఉత్తరాలు బయటికి తీసి మన శాసనాలతో కలిపి చూశాడు. వాళ్ళకి ఉత్తరాలు రాయడం ఒక నియమం. ఏటా పైవాళ్ళకి రిపోర్టు పంపాలి. అలా ప్రపంచం నలుమూలల నుంచి వచ్చినవాటిలో కొన్ని ఏరి 1702 నుంచి 1776 దాకా పారిస్‌లో 34 సంపుటాలు అచ్చేశారు. మన ఊళ్ళ నుంచి వెళ్ళిన ఉత్తరాలూ వాటిలో ఉన్నాయి.

మచిలీపట్నం_మగ్గం
ఆ సంపుటాల్లో మా పని గురించి ఉందని విన్నాను. నిజమేనా? మాది కలంకారీ ఇల్లు.

చరిత్ర_చెట్టు
నిజమే. 1742లో గాస్టన్ కేర్దూ అనే ఫాదర్ రాసిన ఉత్తరం. జ్ఞానస్నానం తీసుకున్న అద్దకం పనివాళ్ళని అడిగి, గుడ్డ మీద రంగు ఎలా నిలుస్తుందో మొదటి నుంచి చివరిదాకా రాశాడు. ముందు గుడ్డని కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో తడపడం దగ్గర మొదలవుతుంది.

మచిలీపట్నం_మగ్గం
ఒళ్ళు జలదరించింది. మా అమ్మ ఇప్పటికీ అదే చేస్తుంది. కరక్కాయ దంచి, గేదె పాలు పోసి, గుడ్డ పిసికి ఎండలో ఆరేస్తే లేత పసుపు రంగు తిరుగుతుంది. పాలల్లో వెన్న ఉండబట్టే రంగు పక్కలకి పాకదు. ఆవు పాలు పల్చన, పనికిరావు అంటుంది మా అమ్మ. ఎరుపుకి అప్పట్లో చిరివేరు, ఇప్పుడు దొరకడం లేదు. కానీ ఒకటి అడుగుతాను. ఆయన రాసింది చదివి ఫ్రాన్స్ వాళ్ళు అక్కడే అద్దకం నేర్చుకొని మా గుడ్డలు కొనడం మానేశారా?

చరిత్ర_చెట్టు
ఆ ఉత్తరం ఒక్కదాని వల్లే అనలేం, అప్పటికే యూరప్‌లో ఆ పని నేర్చుకోవాలని చాలామంది ప్రయత్నిస్తున్నారు. కానీ అందుకు పనికి రావాలనే ఆయన రాశాడు. మీ ప్రశ్న న్యాయమైనదే.

మచిలీపట్నం_మగ్గం
నమ్మి చెప్పినవాళ్ళ విద్య అది. వాళ్ళకి ఏం దక్కింది? ఫాదర్ గారి మీద కోపం కాదు, మనసుకి కష్టంగా ఉంది అంతే.

తెలుగు_మాష్టారు
కేర్దూ పేరు వచ్చింది కాబట్టి ఆగలేకపోతున్నాను. భాషాశాస్త్రం చదివిన ప్రతివాడూ 1786లో విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చాయన్నాడని చెప్తాడు. దానికి దాదాపు ఇరవై ఏళ్ళ ముందే, 1767లో, ఈ కేర్దూ పారిస్‌లోని అకాడమీకి ఆ పోలికలన్నీ రాసి పంపాడు. దానం అంటే లాటిన్‌లో దోనుం, విధవ అంటే విదువా, ఇలా పట్టికలు వేసి మరీ చూపించాడు. వాళ్ళు దాన్ని అచ్చు వేసింది 1808లో! అప్పటికి పేరంతా జోన్స్‌కి వెళ్ళిపోయింది. ఆయన తెలుగు, సంస్కృతం, ఫ్రెంచి కలిపి నిఘంటువు కూడా తయారుచేశాడు. 1779లో పుదుచ్చేరిలో చనిపోయాడు, అంటే తన సభ రద్దు కావడం కళ్ళారా చూశాడు.
ఇంకోటి. అబ్బే దుబోయి రాసిన హిందువుల ఆచారాల పుస్తకం చాలామందికి తెలుసు. ఆయన జెస్యూట్ కాదు, పారిస్ మిషన్ ఆయన. ఆ పుస్తకంలో ఎక్కువ భాగం కేర్దూ రాతప్రతి నుంచే తీసుకున్నాడని 1980ల్లో సిల్వియా మ్యూర్ అనే ఫ్రెంచి పరిశోధకురాలు నిరూపించారు. పోలికలు జోన్స్ ఖాతాలో, ఆచారాలు దుబోయి ఖాతాలో. మన దక్షిణాదిలో నలభై ఏళ్ళకి పైగా బతికిన మనిషి పేరు మనకే తెలియదు.

గోదారి_గట్టు
తెలుగులో మొదటి అచ్చు పుస్తకం కూడా వీళ్ళదేనా మాష్టారూ?

తెలుగు_మాష్టారు
కాదు నాయనా. అది బెంజమిన్ షుల్జ్, లూథరన్ ఆయన. 1746, 47ల్లో జర్మనీ హాలెలో వేయించాడు. జెస్యూట్లు తమిళంలో ముందున్నారు, హెన్రీక్ హెన్రీక్స్ 1578లో కొల్లంలో తమిళ అచ్చు పుస్తకం తెచ్చాడు. తెలుగులో వీళ్ళవి చేతిరాతలే.

మేరిమ్మ_మనవడు
పల్నాడు_పిల్ల గారు వివరంగా రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. నేను పుస్తకాలు చూసి చెప్పేది ఒకటి, కళ్ళతో చూసింది ఒకటి.
పుస్తకం సంగతి: మీరు చెప్పే ఈ సన్న్యాసి పద్ధతి మీద రోములోనే నలభై ఏళ్ళు గొడవ జరిగింది. 1703లో పుదుచ్చేరిలో దిగిన పోపు ప్రతినిధి టూర్నాన్ 1704లో చాలా ఆచారాలు కుదరవన్నాడు, వాటిలో ఒకటి మా వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి రోగులకి మతకర్మలు ఇవ్వకపోవడం. చావుబతుకుల్లో ఉన్నవాడి గడప తొక్కని గురువు! 1744లో పోపు పద్నాలుగో బెనెడిక్ట్ మళ్ళీ గట్టిగా చెప్పాడు. అప్పుడు జెస్యూట్లు ఏం చేశారు? మా వాళ్ళకని ప్రత్యేకంగా కొందరు గురువుల్ని కేటాయిస్తామన్నారు. అంటే గురువుల్లోనే రెండు రకాలు.
కళ్ళతో చూసింది: నా చిన్నప్పుడు మా ఊరి గుళ్ళో వాళ్ళు కుడిపక్క, మేము ఎడమపక్క. సత్ప్రసాదం వాళ్ళయ్యాక మాకు. మా నాయనమ్మ మేరిమ్మ చనిపోతే సమాధుల దొడ్లో కంచె అవతల పూడ్చాం. ఒకే జపమాల, ఒకే మరియతల్లి, మధ్యలో ముళ్ళతీగ. ఊరి పేరు చెప్పను, అన్ని ఊళ్ళలోనూ ఏదో రూపంలో ఉంది. ఆ ముళ్ళతీగ వేళ్ళు 1700ల్లో లేవని ఎవరైనా అంటే నేను నమ్మను.

లయోలా_83బ్యాచ్
ఏం జవాబు చెప్పాలో తెలియడం లేదు అన్నా. మీరు చెప్పింది నిజం.

పల్నాడు_పిల్ల
మాది ఆ కుడిపక్క కూర్చున్న కుటుంబం. క్షమాపణ అంటే చిన్న మాటైపోతుంది. మా జూబిలీ సంచికలో ఇది కూడా లేదు, ఒక్క ముక్క కూడా. నేను ఇన్నాళ్ళూ మా కుటుంబం కథ రాయలేదనే బాధపడ్డాను.

చరిత్ర_చెట్టు
మేరిమ్మ_మనవడు గారి పోస్టుకి నేను చేర్చగలిగేది ఒక్కటే. కులాన్ని తాకకుండా మతం మార్చవచ్చని నోబిలి అనుకున్నాడు, 1623లో పోపు కూడా కొంతవరకు సరేనన్నాడు. అందుకే బ్రాహ్మణులతో వాదం చేయగలిగాడు, అందుకే మీ గుళ్ళో ఆ కంచె నిలబడింది. రెండూ ఒకే నిర్ణయం ఫలితాలు. నేను నోబిలిని చాలా ఇష్టపడతాను, అయినా ఇది చెప్పక తప్పదు.

రాంచీ_తెలుగోడు
రద్దుతో కథ అయిపోలేదు, రెండో సగం చెప్పనివ్వండి. 1814లో పోపు ఏడో పయస్ సభని తిరిగి నిలబెట్టాడు. రష్యాలో క్యాథరిన్ రాణి ఆ రద్దు ఉత్తర్వుని తన రాజ్యంలో అమలు చేయనివ్వలేదు కాబట్టి అక్కడ కొంతమంది మిగిలారు, దీపం ఆరిపోలేదు. ఇండియాకి 1834లో కలకత్తా, 1838కల్లా మదురై, 1850ల్లో బొంబాయి. ఈసారి కాషాయం లేదు, కాలేజీలు. కలకత్తా సెయింట్ జేవియర్స్ 1860, బొంబాయిది 1869, మంగుళూరు సెయింట్ అలోషియస్ 1880, మద్రాసు లయోలా 1925.
నేను ఉండే ఛోటానాగపూర్‌లో మాత్రం కథ వేరు. 1885లో కాన్‌స్టంట్ లీవెన్స్ అనే బెల్జియం ఫాదర్ వచ్చి ముండా, ఉరాఁవ్ జనం భూముల కేసులు పట్టించుకున్నాడు. జమీందార్ల మీద కోర్టులో ఎలా నిలబడాలో చెప్పాడు. తర్వాత హాఫ్‌మన్ అనే జర్మన్ ఫాదర్ 1908 కౌలు చట్టం తయారీలో సాయం చేశాడు, ఆదివాసీ భూమిని బయటివాళ్ళు కొనకుండా ఆపే చట్టం అది. ముండారీ భాషకి విజ్ఞాన సర్వస్వం లాంటిది మొదలుపెట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ అని పంపించేశారు. మా ఆఫీసులో అటెండరుగా చేసిన ఉరాఁవ్ పెద్దాయన పొలం కాగితం ట్రంకుపెట్టెలో లీవెన్స్ ఫొటో పక్కన పెట్టుకున్నాడు. రెండూ కలిపి చూపించేవాడు.

మేరిమ్మ_మనవడు
ఇది మంచి కబురు. మనవైపు ఇలా ఎందుకు జరగలేదో అని కూడా అనిపిస్తుంది.

రాంచీ_తెలుగోడు
ఇక్కడే కామిల్ బుల్కే కూడా. బెల్జియంలో పుట్టి, రాముడి కథ పుట్టుపూర్వోత్తరాల మీద హిందీలో థీసిస్ రాసి, ఇంగ్లీషు హిందీ నిఘంటువు చేశాడు. 1974లో పద్మభూషణ్. ఇక జెస్యూట్ ఫాదర్ స్టాన్ స్వామి పేరు అందరికీ తెలుసు, 2020 అక్టోబరులో అరెస్టు, 2021 జులై 5న 84 ఏళ్ళ వయసులో బెయిలు రాకుండానే పోయారు. ఆయన పని చేసింది కూడా ఈ భూముల మీదే.

డల్లాస్_దేవదానం
ఆయన కేసు గురించి ఇక్కడ మొదలుపెడితే ఆగదు, పల్నాడు_పిల్ల గారి ప్రశ్న పక్కకి పోతుంది. దానికి వేరే చర్చ పెట్టుకుందాం. నాదొక చిన్న సందేహం. జెస్యూట్లు దొంగ వేదం రాసి ఫ్రెంచి రచయిత వోల్టేర్‌ని మోసం చేశారంటారు, నిజమా?

తెలుగు_మాష్టారు
దాని పేరు ఎజూర్‌వేదం. పుదుచ్చేరి వైపు ఫ్రెంచి జెస్యూట్ల మధ్య పుట్టిన రాత అన్నంతవరకు సందేహం లేదు, ఎవరు రాశారన్నది తేలలేదు, చాలామంది నోబిలి మీద తోసేశారు, అది తప్పు. వోల్టేర్ దాన్ని అసలు వేదం అనుకొని 1761లో రాజుగారి గ్రంథాలయానికి ఇచ్చాడు. అది మోసానికి రాసిందా, వాదానికి ప్రశ్నోత్తరాల్లా రాసుకుంది పొరపాటున బయటికి పోయిందా అన్నది పెద్ద చర్చ. రెండోదే అని నా నమ్మకం. ఎందుకంటే సరిగ్గా అదే కాలంలో వాళ్ళలోనే కల్మెట్ అనే ఫాదర్ మన సీమలో తిరుగుతూ అసలు వేదాల ప్రతులు సంపాదించి పారిస్‌కి పంపాడు. అసలుది పంపినవాళ్ళకి నకిలీతో పనేంటి?

డల్లాస్_దేవదానం
మాష్టారూ, అసలుది పంపాడు కాబట్టి నకిలీ రాయలేదు అనడం తర్కం కాదు. వేరే ఫాదర్ రాసి ఉండొచ్చుగా.

తెలుగు_మాష్టారు
ఉండొచ్చు. నా నమ్మకం అన్నాను, రుజువు అనలేదు.

అనంత_మట్టి
మళ్ళీ మన సీమకి జెస్యూట్లు ఎప్పుడు వచ్చారు? మిల్‌హిల్ వాళ్ళు వచ్చాక వీళ్ళకి చోటు లేకుండా పోయిందా?

లయోలా_83బ్యాచ్
తెలుగు ప్రాంతాన్ని అప్పటికే వేరేవాళ్ళు పంచుకున్నారు. విశాఖకి 1846లో ఫ్రాన్సిస్ ద సేల్స్ సభవాళ్ళు, హైదరాబాదుకి 1850ల్లో మిలాన్ ఫాదర్లు, మన గుంటూరు, కర్నూలు వైపు మిల్‌హిల్. జెస్యూట్లు ఇక్కడ స్థిరపడింది చాలా ఆలస్యంగా. 1953లో విజయవాడలో మా కాలేజీ, 1976లో సికింద్రాబాదులో లయోలా అకాడమీ. అలా చూస్తే మద్దిగుబ్బ నుంచి విజయవాడకి రావడానికి వాళ్ళకి రెండు వందల ఏళ్ళు పైన పట్టింది. ఇవాళ ప్రపంచంలో ఎక్కువమంది జెస్యూట్లు ఉన్న దేశం మనదే.

దిండిగల్_తెలుగు
పల్నాడు_పిల్ల అక్కా, ఒకసారి ఆ ఇత్తడి సిలువ సరిగ్గా చూడండి. ఐహెచ్‌ఎస్ కింద మూడు మేకులు ఒకచోట కలిసినట్టు ఉన్నాయా? జెస్యూట్ల ముద్రలో అలా ఉంటుంది.

చరిత్ర_చెట్టు
జాగ్రత్త. ఆ మూడు అక్షరాలు యేసు పేరుకి గుర్తు, అందరు కతోలికులూ వాడతారు. మేకులున్నా సరే ఫలానా కాలం అని చెప్పలేం.

పల్నాడు_పిల్ల
రాత్రి సెల్‌ఫోను లైటు వేసి, అత్తయ్య భూతద్దం తెచ్చి ఇద్దరం చూశాం. అక్షరాల కింద ఒక గీత కనిపిస్తుంది, పైన వెడల్పు, కింద సన్నం. మేకే కావొచ్చు. పక్కన ఇంకో రెండు ఉండాల్సిన చోట పూర్తిగా అరిగిపోయింది. అత్తయ్య మాత్రం "ఇన్ని పెదాలు తాకితే ఇనుమైనా అరుగుతుంది, ఇత్తడి ఎంత" అంది. నేను ఏమీ తేల్చి చెప్పను. మేకు లాంటిది ఒకటి ఉంది, అంతే.
ఇంకో సంగతి. కమిటీ పెద్దాయనకి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. మేరిమ్మ_మనవడు గారి పోస్టు దగ్గర ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ కంచె నేనే వేయించానమ్మా 1974లో, పాతది పడిపోతే" అన్నారు. రెండో ముద్రణలో ఒక అధ్యాయం కలుపుతామన్నారు, రాయడానికి నన్ను కూర్చోమన్నారు. నేను ఒక్కదాన్నే రాయను. మేరిమ్మ_మనవడు గారూ, మీరు కూడా రాస్తారా? మీ పేరుతో, మీ మాటల్లో, నేను ఒక్క అక్షరం మార్చను.

మేరిమ్మ_మనవడు
రాస్తాను. కానీ ఒక షరతు, మా నాయనమ్మ పేరు పూర్తిగా వేయాలి, ఇంటిపేరుతో సహా. చాకలాయన పేరు పోయినట్టు పోకూడదు.

పల్నాడు_పిల్ల
తప్పకుండా.

దిండిగల్_తెలుగు
కొడైకెనాల్ దగ్గర శెంబగనూరులో మదురై జెస్యూట్ల పాత కాగితాలు దాచిన చోటుంది, మా ఇంటి నుంచి మూడు గంటల దారి. ముందే ఉత్తరం రాసి అనుమతి తీసుకోవాలి. మీ కృష్ణాపురం కాగితాలు అక్కడ ఉన్నాయో, ఫ్రాన్స్‌లోనే ఉండిపోయాయో అడిగి చెప్తాను. లాటిన్, ఫ్రెంచి చదవగలిగినవాళ్ళు ఎవరైనా తోడు వస్తారా?

తెలుగు_మాష్టారు
ఫ్రెంచి నేను చూస్తాను. లాటిన్ నెమ్మదిగా చదువుతాను. మే నెలలో అయితే నాకు వీలు.

మచిలీపట్నం_మగ్గం
కేర్దూ అద్దకం ఉత్తరం దొరికితే తెలుగు చేసి పెట్టండి మాష్టారూ. మా అమ్మకి చదివి వినిపించాలి, ఎక్కడైనా తప్పు రాశాడేమో ఆవిడ చెప్తుంది.